వేలెత్తితే మేళం

గుండ్లేరు ప్రభుత్వ సంగీత పాఠశాలలో నాదస్వరం చెప్పే షేక్ లాల్ వజీర్ మాస్టారికి ముప్పయ్యొక్క ఏళ్ల సర్వీసులో ఎన్నడూ ఎదురుకాని ప్రశ్న ఆ సోమవారం ఎదురైంది.

"మీ వాద్యమునకు ప్రాణములెన్ని?"

అడిగింది మనిషి కాదు, కాగితం. నమూనా ఏడు అని దాని పేరు. దానిమీద ఇంకా చాలా ఉన్నాయి. మీ సంగీతమునందు అంచెలెన్ని? శత్రువు ఎదురైనప్పుడు సంగీతములో వచ్చు మార్పు ఏమి? పల్లవి ఎన్నవ సెకనులో శ్రోతకు తగులును? తగిలిన పిమ్మట అతని తలలో ఎంతకాలము తిరుగును? మాస్టారు కళ్లజోడు తుడుచుకుని రెండోసారి చదివారు. కళ్లజోడు తప్పేమీ లేదని తేలింది.

సంగతి ఏమిటంటే, రాజధానిలో కొత్తగా నాదసామ్య మండలి అని ఒకటి వెలిసింది. శాస్త్రీయ సంగీతం గొప్పదా, వీడియో గేముల సంగీతం గొప్పదా, ఇప్పటి పాప్ పాటలు గొప్పవా అని జనం ఊరికే కొట్టుకు చస్తున్నారనీ, ప్రభుత్వమన్నాక ఈ తగువు తీర్చి తీరాలనీ ఎవరో పెద్దవారికి తోచింది. తీర్చే మార్గం కూడా ఆయనకే తోచింది. మూడూ సమానమని ఉత్తర్వు ఇచ్చేస్తే సరి! ఇచ్చేశారు. ఇచ్చాక, సమానమని రుజువు చేసుకునే పని మాత్రం మీదేనని సంగీతం చెప్పేవాళ్లమీద పెట్టారు.

ఆ ఉత్తర్వు ఇలా ఉంది: "తెలియజేయునది ఏమనగా, ప్రతి సంగీత శాఖయు తాను బోధించు సంగీతము వీడియో గేము సంగీతముతోను, ఆధునిక గీతముతోను సమానమని నిరూపించుకొనవలెను. సామ్య సూచిక సరిగా అరవై రావలెను. తగ్గినచో న్యూనతా దోషము. మించినచో ఆధిక్య దోషము. దోషము గల శాఖలు మూసివేయబడును."

మాస్టారికి తనగురించి బెంగ లేదు. రెండేళ్లలో రిటైరవుతారు. ఆయన బెంగంతా నాగమల్లేశ్వరి గురించే. ఆ పిల్ల డిప్లొమా ఆఖరి సంవత్సరం. మూడు తరాలుగా పెళ్లిళ్లలో వాయించే ఇంటి పిల్ల. కానీ ఆ ఇంట్లో ఆడపిల్ల సన్నాయి పట్టడం ఇదే మొదలు. నాలుగేళ్లు రోజూ రెండు బస్సులు మారి వచ్చి, పెదాలు పగిలి, ఊపిరి నిలిచి, ఇప్పుడిప్పుడే కాంభోజి ఆలాపనలో కాలు నిలదొక్కుకుంటోంది. కొండమీది గుడిలో ఆస్థాన విద్వాంసుల ఉద్యోగం పడబోతోందని, డిప్లొమా ఉంటేనే తీసుకుంటారని చెప్పుకుంటున్నారు. పరీక్ష ఇంకా రెండు నెలలుంది. ఈలోగా శాఖ మూసేస్తే పరీక్షా లేదు, డిప్లొమా లేదు, గుడీ లేదు.

"ఏం రాద్దాం మాస్టారూ?" అంది మల్లేశ్వరి, కాగితం ముందు పెట్టుకుని.

"ఉన్నదే రాయమ్మా. ప్రాణాలు, ఒకటి."

"అంచెలు?"

"పెళ్లికూతుర్ని తీసుకొచ్చేటప్పుడు ఒకటి, జీలకర్ర బెల్లానికి ఒకటి, తాళికి ఒకటి, అప్పగింతలకి ఒకటి. నాలుగని రాయి."

"శత్రువు?"

డోలు వాయించే పున్నారావు, మాస్టారికి ఇరవై ఏళ్ల జత, గోడకు ఆనుకుని వేళ్లకు గట్టి తొడుగులు పెట్టుకుంటున్నవాడు తలెత్తకుండానే, "డీజే," అన్నాడు.

మల్లేశ్వరి అదీ రాసింది.

"తలలో ఎంతకాలం తిరుగుద్ది?"

మాస్టారు వేళ్లమీద లెక్కపెట్టారు. "మా నాయన కాంభోజి నాకు నలభై రెండేళ్ల నుంచీ తిరుగుతానే ఉంది. ఆయన పోయినా అది పోలా. నలభై రెండు అనెయ్యి."

ఆ కాగితం వెళ్లింది, నాలుగో రోజున తిరిగొచ్చింది. "సమాధానములు సెకన్లలో ఉండవలెను" అని ఎర్ర సిరాతో రాసి ఉంది.

మిగతా శాఖల పరిస్థితీ అంతంత మాత్రమే. గాత్రం చెప్పే అనసూయమ్మగారి తోడి రాగానికి మొదట ముప్పై నాలుగే వచ్చింది, శత్రువులు లేరని. ఏం చేస్తారు పాపం! ఆలాపన మధ్యలో మృదంగం ఆయన్ని తలుపు చాటునుంచి హఠాత్తుగా దూకించి, పల్లవిని ఎనిమిదో సెకనుకి లాక్కొచ్చి, ఎలాగో అరవైకి ఎక్కించారు. ఎక్కింది గానీ మృదంగం దూకినప్పుడల్లా ఆవిడ ఉలిక్కిపడి శ్రుతి తప్పుతున్నారు. ఆ శ్రుతి తప్పడాన్ని మండలివారు ఉత్కంఠగా లెక్కేసుకుని రెండు మార్కులు కలిపారట.

వీణకు డెబ్బై ఒకటి వచ్చింది. వీణ టీచరు సంబరపడి స్వీట్లు పంచింది. మర్నాడు తాఖీదు వచ్చింది: "ఆధిక్య దోషము గమనించబడినది. సూచిక అరవైకి దిగువరకు తీగలు సడలించవలెను." ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుని ఒక తీగ సడలించింది. అరవై నాలుగు. ఇంకో తీగ సడలించింది. యాభై ఎనిమిది. ఒకటిన్నర తీగ సడలించడం ఎలాగో చెప్పమని మండలికి ఉత్తరం రాసింది. మండలివారు ఉపసంఘం వేశారు.

ఇదంతా సంగీతం వాళ్లమీద కక్ష అనుకునేరు, కాదు. మండలివారు న్యాయమంటే న్యాయమే. మూడూ సమానమన్నప్పుడు తాఖీదులూ మూడువైపులా వెళ్లాలిగదా? అందుకని బస్టాండు పక్కన గేముల దుకాణం పెట్టుకుని, పెళ్లిళ్లకు డీజే పెట్టెలు అద్దెకిచ్చే సౌండ్ కోటేశుకీ ఒకటి వెళ్లింది. అతని గేములు పూర్తయ్యాక మంగళం ఎందుకు పాడటం లేదో, అతని పాటల్లో గమకాలు ఎందుకు లేవో పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి.

కోటేశు ఆ కాగితం పట్టుకుని తిన్నగా లాల్ వజీర్ మాస్టారి క్లాసుకు వచ్చాడు. ఇద్దరికీ ఆరేళ్లుగా మాటల్లేవు. ఒక ఊరేగింపులో కోటేశు పెట్టెల చప్పుడుకు మాస్టారి సన్నాయి వినపడకుండా పోయిందనీ, ఆయన మధ్యలోనే సన్నాయి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయారనీ ఊరందరికీ తెలుసు.

"మాస్టారూ, తప్పయిపోయింది," అన్నాడు కోటేశు గుమ్మంలోనే. "గమకం అంటే ఏ బటనండీ?"

మాస్టారికి కోపం రాలేదు. నవ్వొచ్చింది. "కూర్చోవయ్యా. బటన్ గాదు. ఒక స్వరం మీద నిలబడి పక్కింటికి తొంగిచూసి రావటం."

"అంత తీరిక మా పాటలకేడుందండీ! ఒక్క నిమిషం తొంగిచూస్తే పెళ్లికొడుకు స్నేహితులు నన్ను బతకనివ్వరు."

ఆ సాయంత్రం మాస్టారు కోటేశు పాటకు రెండు గమకాలు చెప్పారు. బదులుగా కోటేశు తన దుకాణంలో మాస్టారిని కూర్చోబెట్టి గేము సంగీతం వినిపించాడు. తెరమీద ఒక బుల్లి సిపాయి గుంతలు దూకుతూ పోతున్నాడు. వెనక సంగీతం నెమ్మదిగా నడుస్తోంది. కోటేశు కావాలని సిపాయిని ఒక గుంత ముందు ఆపేశాడు. సంగీతం కూడా ముందుకు పోలేదు. అక్కడక్కడే తిరుగుతూ, విసుక్కోకుండా, అతని కోసం కాచుకుంది. దూకగానే తనూ ఎత్తుకుంది.

మాస్టారు తెర దగ్గరగా జరిగారు. "మళ్లీ ఆపు," అన్నారు. కోటేశు ఆపాడు. సంగీతం కాచుకుంది.

"ఇది చేసినోడెవడో గానీ, పెళ్లి వాయించినోడేనయ్యా," అన్నారు మాస్టారు. ఆయన గొంతులో నిజమైన ఇష్టం ఉంది. "పెళ్లికూతురు ముస్తాబు తెమలదు. మనం అదే రాగం తిప్పుతానే ఉండాల. ఆ పిల్ల గుమ్మంలో కాలు పెట్టిందాకా అయిపోకూడదు, పెట్టినాక ఆలస్యం కాకూడదు. ఇదీ అంతే."

ఆ మాట అబద్ధం కాదు. నాదస్వరం క్లాసులో మొదటి రోజు చెప్పే పాఠం సరిగమలు కాదు, చూపు. వాయించేటప్పుడు కన్ను పురోహితుడి చేతిమీద ఉండాలి. ఆయన మంత్రం ఎంతసేపు చదువుతాడో ఎవరికీ తెలియదు. కానీ ఆయన వేలు లేచిందంటే, ఏ కీర్తనలో ఉన్నా, ఏ స్వరంమీద ఉన్నా అక్కడికక్కడ వదిలేసి గట్టిమేళం అందుకోవాలి. సన్నాయి, డోలు ఒక్కసారిగా పందిరి అదిరేట్టు మోగాలి. ఎందుకంటే ఆ ముహూర్తాన ఎవరో తుమ్ముతారు, ఎవరో ఏడుస్తారు, ఏ మూలనుంచో ఎవరో అనరాని మాట అంటారు. తాళి పడే వేళ ఆ చెడ్డమాట ఎవరి చెవినా పడకూడదు.

"వేలు లేస్తే వాయించు. ఎందుకని అడక్కు," అనేవారు మాస్టారు. మల్లేశ్వరి నాలుగేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు.

తనిఖీ రోజు రానే వచ్చింది. మండలి తరఫున తులన అధికారి వింజరం సర్వోత్తమరావుగారు విచ్చేశారు. పాఠశాల హాల్లో తోరణాలు కట్టారు, ఆయన మెడలో బంతిపూల దండ వేశారు, పిల్లల చేతుల్లో పూలరేకుల పళ్లేలు పెట్టారు. గాత్రం, వీణ, మృదంగం అన్నిటి భవిష్యత్తూ ఆ రోజే ఆయన నోటివెంట రావాలి. శుభమని ముందు నాదస్వరం పెట్టుకున్నారు.

సర్వోత్తమరావుగారికి ఒక అలవాటుంది. అధికారంగా ఒక్క ముక్క చెప్పాలన్నా ముందు కుడిచేతి చూపుడువేలు పైకి లేవాలి. వేలెత్తకుండా ఆయన మంచినీళ్లు కూడా పురమాయించలేరు.

"ముందుగా ఒక మనవి," అన్నారు ఆయన, వేలెత్తి.

ఢమాల్మని డోలు మోగింది. పున్నారావు నాలుక కరుచుకున్నాడు. మాస్టారు కళ్లతోనే కసిరారు. అధికారి మాత్రం అది తన రాకకు మర్యాద అనుకుని తృప్తిగా తలపంకించి కొనసాగించారు.

"ఈ తనిఖీ సంపూర్ణ నిష్పాక్షికతతో జరుగును. నియమావళి పద్నాలుగు ప్రకారం మా గుమాస్తా శ్రీ విక్టర్‌బాబుగారు చెవికి వినపడినది మాత్రమే వ్రాసుకొందురు. వినపడనిది జరగనట్లే. ఊహలకు, ఉద్దేశములకు తావులేదు."

విక్టర్‌బాబు మూల బల్ల దగ్గర కలం విప్పి, "విన్నానండి," అని రాసుకున్నాడు.

పరీక్ష ఏమిటంటే, అధికారి స్వయంగా గేము ఆడాలి. మొదట గేము సొంత సంగీతంతో, తర్వాత దాన్ని ఆపేసి నాదస్వరంతో. రెండుసార్లూ ఆయన ఎంత దూరం పోయారో, గుండె ఎంత కొట్టుకుందో, కాలు ఎన్నిసార్లు ఆడిందో కొలిచి సూచిక కడతారు. కోటేశు పెద్ద తెర బిగించి బుల్లి సిపాయిని నిలబెట్టాడు.

సర్వోత్తమరావుగారు జన్మలో గేము ఆడినవారు కారు. మొదటి గుంతలోనే పడ్డారు. సంగీతం మొదటికొచ్చింది. మళ్లీ పడ్డారు. మళ్లీ మొదటికొచ్చింది. తొమ్మిదిసార్లు ఆ గుంతలోనే పడి, తొమ్మిదిసార్లు అదే పాట అదే చోటునుంచి విని, చెమట తుడుచుకుని, "సంగీతము సంతృప్తికరము, గుంత ఆక్షేపణీయము," అన్నారు.

ఇప్పుడు మాస్టారి వంతు. సన్నాయి మొనన ఉండే పీక తడిచేసుకుని కాంభోజి ఎత్తుకున్నారు. పక్కన మల్లేశ్వరి తన సన్నాయిమీద శ్రుతి పట్టుకుంది. మాస్టారి కన్ను తెరమీద లేదు, అధికారి బొటనవేలి మీద ఉంది. పురోహితుడి చెయ్యి చూసినట్టే చూస్తున్నారు. సిపాయి గుంత ముందు జంకి ఆగితే రాగమూ ఆగి అక్కడే తిరిగింది. అధికారి పడ్డారు. మాస్టారు మొదటికి రాలేదు. పడ్డచోటే ఒక స్వరం పట్టుకుని, ఫర్వాలేదులే నాయనా లేవమన్నట్టు, అక్కడినుంచే సాగించారు. మళ్లీ పడ్డారు. రాగం ఇంకాస్త పైకి పోయింది. హాల్లో వాళ్లంతా తెలియకుండానే ముందుకు వంగారు. వీణ టీచరు తన తీగల బాధ మర్చిపోయింది. నాలుగోసారి సర్వోత్తమరావుగారు ఊపిరి బిగబట్టి బొటనవేలు నొక్కారు. సిపాయి గుంత దాటాడు!

"దాటాను!" అని అరిచి వేలెత్తారు అధికారి.

ఇంకేముంది, గట్టిమేళం! పిల్లలు పళ్లేల్లో పూలన్నీ ఆయన నెత్తిన కుమ్మరించారు. అనసూయమ్మగారు అలవాటుకొద్దీ అక్షింతలకోసం కొంగులో వెతుక్కున్నారు. అధికారి కళ్లు చెమర్చాయి. ఆయన జీవితంలో దేన్నయినా దాటడం అదే మొదలని ఆ మొహం చూస్తే తెలిసిపోతోంది.

సూచిక కట్టారు. న్యూనతా లేదు, ఆధిక్యమూ లేదు. సరిగ్గా అరవై. కోటేశు ఈలవేశాడు. మాస్టారు కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నారు. మల్లేశ్వరి మొహం విప్పారింది.

కానీ సర్వోత్తమరావుగారు కళ్లు తుడుచుకుని సంచిలోంచి ఇంకో కాగితం తీశారు. అరవై వచ్చిన శాఖకు చదివి వినిపించమని ఉదయమే రాజధానినుంచి వచ్చిందట. కాగితం పట్టుకోవడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చింది గనుక వేలెత్తకుండానే, తడబడుతూ చదవసాగారు.

"నాదస్వరము వీడియో గేము సంగీతముతో సర్వవిధముల సమానమని తేలినది. సమానమైన వస్తువులు రెండు ఉండుట పునరుక్తి దోషమగును. ఒకటి ఉండగా దానితో సమానమైన రెండవది అనవసరము. కావున అరవై తెచ్చుకొనిన ప్రతి శాఖను..."

అందరికీ అర్థమైంది. అరవై రాకపోతే మూత. అరవై వస్తే అసలు మూత. వీణ టీచరు బిక్కమొహం వేసింది. మాస్టారి చేతిలో సన్నాయి బరువెక్కింది. రెండు బస్సులు మారివచ్చే పిల్లకు ఏం చెప్పాలి? ఆయన ఆ పిల్లవైపు చూడలేక తల దించుకున్నారు. తల దించుకుంటే కన్ను చేతిమీద ఉండదని, ముప్పయ్యొక్క ఏళ్లుగా తను చెప్పిన పాఠాన్ని ఆ క్షణంలో తనే తప్పారు.

ఆఖరి ముక్కను గంభీరంగా చెప్పాలని సర్వోత్తమరావుగారు కాగితం ఎడమచేతికి మార్చుకుని, గొంతు సవరించుకుని, కుడిచేతి వేలెత్తారు. "ఇందుమూలముగా..."

మల్లేశ్వరి సన్నాయి ఒక్కసారిగా విరుచుకుపడింది. దానివెంటే పున్నారావు డోలు. అద్దాలు దడదడలాడాయి. అధికారి నోరు కదులుతోంది, మాట వినపడటం లేదు. మాస్టారు అదిరిపడి తలెత్తారు. ఆ పిల్ల బుగ్గలు పొంగి ఉన్నాయి, కళ్లు అధికారి వేలిమీద ఉన్నాయి.

అధికారి చెప్పడం పూర్తిచేసి వేలు దించారు. మేళం ఆగింది.

"వినపడలేదండి," అన్నాడు విక్టర్‌బాబు.

సర్వోత్తమరావుగారు మళ్లీ వేలెత్తారు. మళ్లీ మేళం. ఆపమని వేలు ఇంకా పైకెత్తి ఊపారు. మేళం ఇంకా పెరిగింది.

"ఏమిటయ్యా ఇది!" అన్నారు ఆయన, వేలు దించి రొప్పుతూ.

"వేలెత్తి ఆగమంటే ఎట్టా ఆగుతామండీ?" అన్నాడు పున్నారావు, నిజంగానే అర్థంకాక. "మా ఇళ్లల్లో ఏ కాలంలోనూ లేదండీ అది."

అధికారి చెయ్యి జేబులో పెట్టుకుని చెప్పబోయారు. మాట రాలేదు. నోరు తెరిచారు, మూశారు. జేబులో వేలు మాత్రం గిలగిల్లాడింది. చివరికి తెగించి మూడోసారి వేలెత్తారు. ఈసారి పిల్లలు మిగిలిన పూలు కూడా చల్లేశారు.

విక్టర్‌బాబు లేచి నిలబడి మినిట్సు చదివాడు. "నాదస్వరము సర్వవిధముల సమానమని తేలినది. సమానమైనవి రెండు ఉండుట పునరుక్తి దోషమని అధికారివారు సెలవిచ్చిరి. కావున అరవై తెచ్చుకొనిన ప్రతి శాఖను, ఇందుమూలముగా, మంగళవాద్యము. ముమ్మారు ప్రకటించబడినది. ఆక్షేపణ ఏదియు వినపడలేదు. తీర్మానము ఆమోదము."

"శాఖను ఏమి చేయుటకు ఆమోదము?" అన్నారు అధికారి నీరసంగా.

"మంగళవాద్యము చేయుటకండి. నేను విన్నది అదే. ఊహలకు తావులేదు గదండి."

సర్వోత్తమరావుగారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. నంబరుంది, తేదీ ఉంది, మార్జిను వదిలారు, నియమావళి పద్నాలుగుకు ఎక్కడా భంగం లేదు. ఇక ఆయనకు తప్పు కనపడలేదు. సంతకం పెట్టేశారు. పోతూ పోతూ కోటేశును పక్కకు పిలిచి, రెండో గుంత ఎలా దాటాలో అడిగారు.

ఆ తర్వాత మండలినుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. గుండ్లేరు తీర్మానం ప్రకారం అరవై వచ్చిన ప్రతి శాఖలోనూ మంగళవాద్యం ఉండాలనీ, అందుకు నాదస్వరం శాఖను కొనసాగించాలనీ. వీణ టీచరు ఉపసంఘం జవాబుకోసం ఆగకుండా తీగలన్నీ బిగించేసుకుంది. మల్లేశ్వరి పరీక్ష యథాప్రకారం జరుగుతుందని నోటీసు బోర్డులో వేశారు.

అయితే ఇదంతా తర్వాత మాట. ఆ రోజు మధ్యాహ్నం హాలు ఖాళీ అయ్యాక, లాల్ వజీర్ మాస్టారు తోరణాల కింద కూర్చుని సన్నాయి తుడుస్తున్న మల్లేశ్వరి దగ్గరకు వచ్చారు. పున్నారావు సంగతి ఆయనకు తెలుసు. వాడికి వేలు కనపడితే చాలు, కాళ్లకింద పామున్నా వాయిస్తాడు. ఈ పిల్ల సంగతే ఆయనకు తేలలేదు.

"నిజం చెప్పమ్మా," అన్నారు. "ఆయన వేలు చూసి వాయించావా, ఆయనేం చెప్పబోతున్నాడో తెలిసే వాయించావా?"

మల్లేశ్వరి పీక విప్పి డబ్బాలో పెట్టుకుంది.

"వేలు లేస్తే వాయించు, ఎందుకని అడక్కు అన్నారుగా మాస్టారూ," అంది. "నేను అడగలా. మీరూ అడగబాకండి."